చిటికెన వేలు పట్టుకుని: పశ్చిమ యూరప్ జనం డాన్స్ కథ

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కపోతలోనూ వచ్చి కూర్చున్నందుకు కృతజ్ఞతలు.

చదువు కోసం నేను రెండేళ్లు ఫ్రాన్స్‌లో, బ్రిటనీ ప్రాంతంలోని రెన్ నగరంలో ఉన్నాను. వెళ్లిన మొదటి చలికాలంలో మా ఇంటి ఓనరమ్మ ఒక శనివారం రాత్రి నన్ను దగ్గర్లోని పల్లెకు తీసుకెళ్లారు. ఊరి కమ్యూనిటీ హాలు. స్టేజి మీద ఇద్దరే మనుషులు, వాయిద్యాలు లేవు. ఒకాయన ఒక చరణం పాడతాడు. దాని చివరి మాటలు పూర్తవుతుండగానే రెండో ఆయన గొంతు కలిపి, అదే చరణాన్ని మళ్లీ పాడతాడు. మధ్యలో ఊపిరి తీసుకునేంత ఖాళీ కూడా ఉండదు. కింద హాలులో జనం పొడవాటి గొలుసులా కలిసి తిరుగుతున్నారు. పదేళ్ల పిల్లలున్నారు, కర్ర పక్కన పెట్టి వచ్చిన తాతలున్నారు. నేను కోటు కూడా విప్పకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాను. గొలుసు నా పక్కగా వెళ్తుంటే ఒక పెద్దావిడ, డెబ్భై ఏళ్లుంటాయేమో, ఏమీ మాట్లాడకుండా తన చిటికెన వేలు నా వైపు చాపింది. నేను నా చిటికెన వేలు తగిలించాను. అంతే, లోపలికి వెళ్లిపోయాను.

మొదటి రెండు చుట్లు కాళ్లు తడబడ్డాయి. మూడో చుట్టుకు ఆవిడ చెయ్యి ఎటు ఊగితే నా అడుగు అటు పడటం మొదలైంది. ఆ రాత్రి తిరిగొస్తూ బస్సులో ఒకటే ఆలోచన. ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని ఆడటం వీళ్లకు ఇంత సహజం ఎప్పుడయింది? ఎప్పుడూ ఇలాగే ఉందా? అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఆ ప్రాంతంలో డాన్స్ కథంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవచ్చు? ఆ గది తలుపు ఎవరికి తెరుచుకుంటుంది? ఇవాళ చెప్పబోయేది ఆ కథే.

ఒక చిన్న మాట ముందే చెప్పాలి. మనం 'డాన్స్‌కి వెళ్దాం' అంటే ఎక్కువసార్లు చూడటానికి వెళ్దామనే అర్థం. బతుకమ్మ, కోలాటం, అరకు వైపు ధింసా మనకున్నాయి. వాటిలో అందరూ ఆడతారు. అదే పద్ధతిలో యూరప్‌లోనూ చూసేవాళ్లంటూ విడిగా లేని డాన్స్ గురించే నేను మాట్లాడేది. స్టేజి మీది బాలే వేరే కథ, దాని జోలికి పోను.

అన్నిటికంటే పాతది వలయం. మధ్యయుగంలో కరోల్ అనేవాళ్లు. చేతులు పట్టుకుని గుండ్రంగా గానీ గొలుసుగా గానీ తిరుగుతూ, ఒకరు పాడితే మిగిలినవాళ్లు పల్లవి అందుకునేవాళ్లు. పాటే వాయిద్యం. పదిహేనో శతాబ్దానికి ఇటలీ రాజాస్థానాల్లో డాన్స్ మాస్టర్లు వచ్చారు. దొమెనికో ద ప్యాచెంజా, ఆయన శిష్యుడు గుల్యెల్మో ఎబ్రెయో పుస్తకాలే రాశారు. అక్కడి నుంచి ఉన్నవాళ్ల డాన్స్, లేనివాళ్ల డాన్స్ కొంచెం కొంచెంగా విడిపోవడం మొదలైంది. పూర్తిగా విడిపోలేదు. ఆ సంగతి మనకు బాగా తెలిపేది ఒక చర్చి పెద్దాయన.

ఆయన పేరు జెఅన్ తబురో. తూర్పు ఫ్రాన్స్‌లోని లాంగ్ర్ పట్టణంలో మతాధికారి. డెబ్భై ఏళ్లకు దగ్గరపడ్డాక డాన్స్ మీద పుస్తకం రాశాడు. సొంత పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి తువానో ఆర్బో అని పెట్టుకున్నాడు. 1589లో అచ్చయిన ఆ పుస్తకం పేరు 'ఆర్కెసోగ్రఫీ'. కాప్రియోల్ అనే కుర్రవాడు వచ్చి అడగటం, ఈయన చెప్పటం, అలా సాగుతుంది. చదువంతా అయింది గానీ డాన్స్ రాక ఆడవాళ్ల మధ్య మొద్దులా నిలబడుతున్నానని ఆ కుర్రవాడి బాధ. ఆర్బో చేసిన గొప్ప పని ఒకటుంది. సంగీత స్వరాలను పేజీ మీద నిలువుగా నిలబెట్టి, ఏ స్వరానికి ఏ అడుగు పడాలో దాని పక్కనే రాశాడు. అందుకే నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ డాన్సులు మనం ఆడగలుగుతున్నాం. నాకైతే ఆ ముసలాయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ పుస్తకంలో పవాన్ ఉంది. జంటలు జంటలుగా, నెమ్మదిగా, ఊరేగింపులా నడిచే డాన్స్. గాయార్డ్ ఉంది. అందులో మగవాళ్లు నాలుగు అడుగులు తన్ని ఐదోదానికి గంతు వేస్తారు. అన్నిటికంటే ఎక్కువ చోటు బ్రాన్ల్ అనే వలయపు డాన్సులకు ఇచ్చాడు. అవి రకరకాలు. ఒకదాంట్లో రేవులో బట్టలు ఉతికే ఆడవాళ్లను అనుకరిస్తూ చప్పట్లు కొడతారు, ఇంకోదాంట్లో గుర్రం కాలు దువ్వినట్టు నేలను తడతారు. పెద్దవయసు వాళ్లు ఏ బ్రాన్ల్ ఆడాలి, కొత్తగా పెళ్లయినవాళ్లు ఏది, కుర్రకారు ఏది అనేది కూడా చెప్పాడు. అంటే ఒకే ఊళ్లో, ఒకే రాత్రి, అన్ని వయసులవాళ్లకూ చోటుందన్నమాట.

ఇక వోల్తా. అందులో మగవాడు ఒక చేత్తో ఆమె నడుము, రెండో చేత్తో ఆమె బిగుతు రవికె ముందు భాగంలో ఉండే గట్టి బద్ద పట్టుకుని, తొడతో ఊతమిచ్చి గాల్లోకి లేపి తిప్పుతాడు. ఎలా చెయ్యాలో వివరంగా చెప్పి, చివర్లో ఆర్బో ఒక మాట అంటాడు: వయసులో ఉన్న అమ్మాయి ఇలా పెద్ద పెద్ద అంగలు వెయ్యడం పరువుకూ ఆరోగ్యానికీ మంచిదేనా, నువ్వే ఆలోచించుకో అని. అదే మనిషి పుస్తకం మొదట్లో మాత్రం, పెళ్లి చేసుకోబోయేవాళ్లు ఒకరికొకరు ఆరోగ్యంగా ఉన్నారో లేదో, ఒంటి వాసన ఎలా ఉందో తెలుసుకోవడానికి డాన్స్ పనికొస్తుందని నిస్సంకోచంగా రాశాడు. కావాలీ, భయమూ కూడా. ఈ రెండూ కలిసే ఉండటం తర్వాత ప్రతి శతాబ్దంలోనూ చూస్తాం.

తర్వాత వంద ఏళ్లలో రెండు దారులు పడ్డాయి. ఒకటి ఫ్రాన్స్ రాజు దారి, రెండోది లండన్ పుస్తకాల షాపు దారి.

పద్నాలుగో లూయీ 1661లో డాన్స్ కోసం ఒక రాజ అకాడమీనే పెట్టాడు. ఆయన ఆస్థానంలో బాల్, అంటే డాన్స్ వేడుక, జరిగితే అందరూ హోదా ప్రకారం చుట్టూ కూర్చుంటారు. మధ్యలో ఒక్క జంట మాత్రమే ఆడుతుంది. ముందు రాజు, ఆ తర్వాత ఎవరి అంతస్తు ప్రకారం వాళ్లు. మినుయెట్ అలాంటిదే. చిన్న చిన్న అడుగులతో నేల మీద జెడ్ అక్షరంలాంటి దారి గీస్తూ, ఎదురుపడి, దాటిపోయి, వేళ్లు మాత్రం తాకించి వెళ్లిపోతారు. ఒక్క అడుగు తప్పితే కొలువంతా చూస్తుంది. ఎంత టెన్షన్‌గా ఉండేదో ఊహించుకోండి. 1700లో ఫెయ్యే అనే డాన్స్ మాస్టర్ నేల మీద నడిచే దారిని బొమ్మ గీసి అడుగులు గుర్తులతో చూపించే పద్ధతి అచ్చువేశాక, పారిస్ డాన్సులు ఉత్తరం రాసినంత తేలిగ్గా దూరాలకు వెళ్లాయి.

లండన్‌లో జరిగింది వేరు. 1649 జనవరిలో రాజు మొదటి చార్ల్స్ తల నరికేశారు. ప్యూరిటన్లు అనే కఠిన నియమాల క్రైస్తవులు అధికారంలో ఉన్నారు. నాటకశాలలు అప్పటికే మూతపడి ఏళ్లయింది. అలాంటి రోజుల్లో జాన్ ప్లేఫర్డ్ అనే పుస్తకాల వ్యాపారి, టెంపుల్ చర్చి వాకిలి దగ్గర షాపు పెట్టుకున్నవాడు, 'ద ఇంగ్లిష్ డాన్సింగ్ మాస్టర్' అనే పుస్తకం తెచ్చాడు. దాని మీద సంవత్సరం 1651 అని ఉంటుంది. నూటికి పైగా కంట్రీ డాన్సులు, ఒక్కోదానికీ ఒక బాణీ, కింద ఎవరు ఎటు నడవాలో నాలుగు లైన్లు. 1728 దాకా అది మళ్లీ మళ్లీ, 18 సార్లు అచ్చయింది.

ఈ కంట్రీ డాన్స్ నిర్మాణం దగ్గర కొంచెం ఆగుతాను, నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. మొదట్లో వలయాలూ, చదరాలూ ఉండేవి. పోను పోను ఎక్కువ భాగం ఒకే రూపానికి వచ్చాయి. మగవాళ్లు ఒక వరస, ఎదురుగా ఆడవాళ్లు ఒక వరస. ఎంతమంది వస్తే అంతమందీ నిలబడవచ్చు. పైనున్న మొదటి జంట రెండో జంటతో కలిసి ఒక చుట్టు ఆడుతుంది. ఆ చుట్టు పూర్తయ్యేసరికి వాళ్ల చోట్లు మారిపోతాయి. ఇప్పుడు మొదటి జంట మూడో జంటతో ఆడుతుంది. అలా దిగుతూ దిగుతూ చివరికి చేరేలోపు వరసలో ఉన్న ప్రతి జంటతోనూ చెయ్యి కలుపుతుంది. మీ జంట మీదే, కానీ గదిలో అందరినీ ఒక్కసారైనా తాకి రావాల్సిందే. జమీందారు గారి అమ్మాయి లాయరు గారి గుమాస్తా చెయ్యి పట్టుకుని తిరగాల్సి వస్తుంది. దీన్ని ఎవరో కూర్చుని సమానత్వం కోసం కనిపెట్టారని నేను అనను. కానీ ఆ ఆకారంలోనే అది ఇమిడి ఉంది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో ఈ రెండు దారులూ ఒకే సాయంత్రం కలిసేవి. అక్కడ బ్యూ నాష్ అనే ఆయన వేడుకల పెద్ద. ఆరు గంటలకు బాల్ మొదలు. ముందు హోదా ప్రకారం ఒక్కో జంటా మినుయెట్. ఎనిమిదికి కంట్రీ డాన్సులు. పదకొండు కొట్టగానే ఆపేయాల్సిందే. రాజకుమారి అమేలియా ఇంకొక్కటి ఆడనివ్వమని అడిగితే కూడా ఆయన కుదరదన్నాడు.

ఇక వాల్ట్జ్. దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా పల్లెల్లో జంటలు ఒకరినొకరు పట్టుకుని గిరగిరా తిరిగే డాన్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ పేరుకే తిరగడం అని అర్థం. 1780లు, 90లలో అది వియన్నా నగరాన్ని పట్టుకుంది. 1807లో ష్పెర్ల్, 1808లో అపోలో అనే పెద్ద డాన్స్ హాళ్లు తెరిచారు. 1814, 15లలో నెపోలియన్ తర్వాతి యూరప్‌ను పంచుకోవడానికి రాజులూ మంత్రులూ అక్కడే చేరారు. ఈ సమావేశం ముందుకు నడవడం లేదు, డాన్స్ మాత్రం చేస్తోందని అప్పట్లో ఒక ముసలి ప్రిన్స్ అన్నమాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

1816 జులైలో లండన్‌లో యువరాజు ఇచ్చిన బాల్‌లో వాల్ట్జ్ ఆడారు. కొద్ది రోజులకే ద టైమ్స్ పత్రిక మండిపడింది. ఈ అసభ్యమైన విదేశీ డాన్స్‌ను మర్యాదస్తుల మీద రుద్దుతున్నారు, కూతుళ్లున్న ప్రతి తల్లీ తండ్రీ జాగ్రత్త పడాలి అని రాసింది.

అంత కోపం దేనికి? కౌగిలిలాంటి పట్టు ఒక కారణం. అది అందరూ చెప్పేదే. నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. కంట్రీ డాన్స్‌లో మీరు అందరితో కలవాలి, మినుయెట్‌లో అందరూ మిమ్మల్ని చూడాలి. వాల్ట్జ్‌లో ఆ జంటకు గదితో పనే లేదు. ఎదురుగా ఉన్న మొహం ఒక్కటే స్థిరంగా ఉంటుంది, మిగతా ప్రపంచమంతా గీతల్లా చెరిగిపోతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస లేదు. ఏళ్ల తరబడి డాన్స్ మాస్టర్ దగ్గర నేర్చుకోవాల్సిన పనీ లేదు, నాలుగు రోజుల్లో వస్తుంది. పెద్దల చూపు అందని చోటు ఒకటి, నిండు సభ మధ్యలోనే ఏర్పడింది. భయపడింది దానికి.

ఆపలేకపోయారు. లానర్, స్ట్రాస్ లాంటి సంగీతకారులు వియన్నాలో రాత్రికి రెండు మూడు హాళ్లకు సరిపడా బాణీలు కట్టారు. 1844 వచ్చేసరికి బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) నుంచి వచ్చిన పోల్కా అనే జంట డాన్స్ పారిస్‌నూ లండన్‌నూ ఒక ఊపు ఊపింది. వియన్నాలో ఇప్పటికీ చలికాలంలో వందల బాల్స్ జరుగుతాయి. కాఫీ హౌస్ వాళ్లకో బాల్, మిఠాయిలు చేసేవాళ్లకో బాల్.

కూలి పనివాళ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోతే అన్యాయం. ఫ్రాన్స్ మధ్య భాగంలోని ఒవెర్న్ కొండ ప్రాంతం నుంచి వేలమంది పారిస్‌కు వలస వచ్చారు. బొగ్గు అమ్మేవాళ్లు, దాంతోపాటే చిన్న కొట్లో వైన్ పోసేవాళ్లు. పారిస్‌లోని బాస్టిల్ కూడలి దగ్గర ర్యూ ద లాప్ వీధిలో కొట్టు వెనక గదుల్లో రాత్రిళ్లు తమ ఊరి వాయిద్యం పెట్టుకుని ఆడుకునేవాళ్లు. మన పల్లెల్లో తిత్తి ఉంటుంది కదా, ఆ జాతి వాయిద్యమే. ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు అకార్డియన్ తెచ్చారు. మొదట్లో ఈ ఇద్దరికీ పడేది కాదు. తర్వాత ఒకే బల్ల మీద కూర్చుని వాయించారు. బాల్ మ్యుజెట్ అనే పారిస్ డాన్స్ అలా పుట్టింది. ఒక్కో డాన్స్‌కి ఒక టోకెన్. పాట మధ్యలో సంగీతం ఆపి, ఒకతను జంటల మధ్య తిరిగి టోకెన్లు వసూలు చేసుకుని వెళ్తే, మళ్లీ మొదలు. ఇవాళ అకార్డియన్ వినగానే పారిస్ గుర్తొస్తుంది. అది రెండు రకాల వలసదారులు కలిసి చేసిన పని.

టాంగో కూడా బయటి నుంచి వచ్చిందే. దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఐర్స్, మోంటెవీడియో రేవు పేటల్లో పుట్టి, 1913 నాటికి పారిస్‌ను ముంచెత్తింది. జర్మనీ చక్రవర్తి యూనిఫాంలో ఉన్న ఆఫీసర్లు టాంగో ఆడకూడదన్నాడు. 1914 మొదట్లో పారిస్ ఆర్చ్‌బిషప్ అది పాపమన్నాడు. అదే ఏడు యుద్ధం వచ్చింది.

యుద్ధం తర్వాత లండన్‌లో 1919 అక్టోబరు 28న హ్యామర్‌స్మిత్ పాలే అనే డాన్స్ హాలు తెరిచారు. అమెరికా నుంచి వచ్చిన ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్ అక్కడ వాయించింది. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన అమ్మాయిలు సొంత జీతంతో టికెట్ కొనుక్కుని, వెంట పెద్దలెవరూ లేకుండా వచ్చారు. ఒంటరిగా వచ్చినవాళ్లు ఆరు పెన్నీలిస్తే ఒక డాన్స్‌కు హాలువాళ్లే పార్ట్‌నర్‌ను ఇచ్చేవాళ్లు. కొత్త డాన్సులు అడ్డూ అదుపూ లేకుండా వస్తున్నాయని 1920లో డాన్స్ టీచర్లు లండన్‌లో సమావేశమై ఏది సరైన అడుగో తేల్చడం మొదలుపెట్టారు. ఇప్పుడు టీవీలో మనం చూసే బాల్‌రూమ్ పోటీల పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే. ఆ పని వల్ల డాన్స్ అందరికీ నేర్పగలిగేదయింది. ఆ మేలు ఒప్పుకుంటూనే, కొంత జీవం పోయిందని కూడా నేను అనుకుంటాను.

ఇక్కడ తలుపు ప్రశ్న మళ్లీ వస్తుంది. 1950లలో కరీబియన్ దీవుల నుంచి, మన భారతదేశం, పాకిస్తాన్‌ల నుంచి వెళ్లిన కుర్రవాళ్లను కొన్ని బ్రిటిష్ డాన్స్ హాళ్లు రంగు చూసి గుమ్మంలోనే ఆపేశాయి. పగలంతా అదే ఊరి ఫ్యాక్టరీలో పక్కపక్కన పనిచేసినవాళ్లు, సాయంత్రం ఆ హాలు మెట్లు ఎక్కకూడదు. 1958లో వుల్వర్‌హాంప్టన్‌లో ఒక హాలు ఇలా చేస్తే సంగీతకారుల యూనియన్ అక్కడ వాయించడానికి ఒప్పుకోలేదు. 1965లో వచ్చిన జాతి సంబంధాల చట్టం, వివక్ష చూపకూడని బహిరంగ స్థలాల్లో డాన్స్ హాళ్లను పేరుపెట్టి చేర్చింది. చట్టంలో ఆ మాట ఊరికే రాలేదు.

ఐర్లండ్ కథ చెప్పి ముగింపు వైపు వస్తాను. లీట్రిమ్ జిల్లాలో ఎఫ్రినా అనే చిన్న ఊరు. జిమ్మీ గ్రాల్టన్ అక్కడ 1886లో పుట్టాడు. అమెరికా వెళ్లి పనిచేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, 1921లో తిరిగొచ్చాడు. ఊరివాళ్లతో కలిసి ఒక హాలు కట్టాడు. పియర్స్ కానలీ హాలు. అందులో పగలు చదువు, భూమి తగాదాల పంచాయితీ, రాత్రి డాన్స్. మళ్లీ అమెరికా వెళ్లి 1932లో వచ్చేటప్పుడు గ్రామఫోన్, జాజ్ రికార్డులు తెచ్చాడు. కమ్యూనిస్టు అని చర్చి పెద్దలు ఆయన మీద విరుచుకుపడ్డారు. హాలులో జనం ఉండగానే తుపాకీ పేల్చారు. 1932 క్రిస్మస్ ముందురోజు హాలు తగలబెట్టారు. ఆయన విదేశీయుడంటూ, విచారణ కూడా లేకుండా, 1933 ఆగస్టులో పుట్టిన దేశం నుంచి గెంటేశారు. 1945లో న్యూయార్క్‌లో చనిపోయాడు. మళ్లీ ఐర్లండ్ చూడలేదు. 2016లో ఆ దేశ అధ్యక్షుడు ఆ ఊరికి వచ్చి స్మారకం ఆవిష్కరించి క్షమాపణ చెప్పాడు. కాలిపోయిన హాలు గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

గ్రాల్టన్ వెళ్లిపోయిన రెండేళ్లకు, 1935లో, అక్కడ కోర్టు లైసెన్సు లేకుండా బహిరంగ డాన్స్ పెట్టకూడదని చట్టం వచ్చింది. చట్టం హాళ్ల గురించే అయినా, దాన్ని చూపించి ఇళ్లలో, నాలుగు రోడ్ల కూడలిలో తరతరాలుగా ఆడుకునే డాన్సులను కూడా చాలాచోట్ల ఆపించారు. ఫ్రాన్స్‌లో 1940 నుంచి జర్మన్ ఆక్రమణ ఉన్నంతకాలం బహిరంగ డాన్స్ నిషేధం. కుర్రవాళ్లు ఊరి చివర గడ్డివాముల కొట్టాల్లో, ఒకరు కాపలా ఉంటే, అకార్డియన్ పెట్టుకుని ఆడుకున్నారు. దొరికితే జరిమానా.

1960ల ట్విస్ట్‌తో జంట చేతులు విడిపోయాయి. బ్యాండ్ స్థానంలో రికార్డులు వచ్చాయి. ఆ తర్వాతి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు.

మళ్లీ బ్రిటనీకి వస్తాను. ఆ రాత్రి నేను చూసిన దాన్ని ఫెస్ట్ నోజ్ అంటారు, రాత్రి పండుగ అని. పాతరోజుల్లో అక్కడ కొత్త ఇల్లు కట్టినా, కొత్త కళ్లం వేసినా, తడి మట్టిని దిమ్మిసతో కొట్టే బదులు ఊరందరినీ పిలిచేవాళ్లు. రాత్రంతా జనం వరసలు కట్టి ఆడితే తెల్లారేసరికి నేల గట్టిపడేది. ఇళ్లకు సిమెంటు గచ్చులు, పొలాలకు యంత్రాలు వచ్చాక ఆ పని పోయింది, దాంతోపాటు డాన్స్ కూడా పోతుందనుకున్నారు. 1950లలో లోయిజ్ రోపర్స్ అనే ఆయన పాత పాటగాళ్లను వెతికి, పల్లె హాళ్లలో మళ్లీ నిలబెట్టాడు. 2012లో యునెస్కో దాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

నాకు ఆ పెద్దావిడ నేర్పింది ఆన్ద్రో అనే డాన్స్ అని తర్వాత తెలిసింది. చిటికెన వేళ్లతోనే కలుస్తారు. గొలుసుకు ముందు నడిపించే మనిషి ఒకరుంటారు, వాళ్లకు ముందు వెళ్లి చేరకూడదు. ఎవరైనా సరే, ఎప్పుడైనా సరే, తోక దగ్గర చేరవచ్చు. చివర నిలబడినవాళ్ల బయటి చెయ్యి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఆ రాత్రి ఆవిడ ఆ చివర ఉంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆన్ద్రో అడుగు నేర్చుకుందామనుకునేవాళ్లు కుర్చీలు కాస్త వెనక్కి జరపండి, రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది.